ఫోన్ చేసి రండి, కుక్క ఉంది

గోల్‌బజార్, ఖరగ్‌పూర్
జూన్ 20

చి. కుసుమకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు క్షేమమేనని మీ అత్త తన ఫోనులో నీ ఫొటోలు చూపించి మరీ చెబుతోంది కాబట్టి ఆ ప్రశ్న అడగను. మేమూ బాగానే ఉన్నాం. నా కుడి మోకాలు ఒక్కటే బాగాలేదు. అది తన సంగతి తాను రాసుకోలేదు కనక నేను రాస్తున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. దుకాణంలో రేకు మీద సుత్తి పడుతుంటే ఫోను వినిపించదు. ఇంటికొస్తే సీరియల్ నడుస్తుంటుంది, అప్పుడు ఫోను మాట్లాడితే మీ అత్త ఊరుకోదు. పైగా ఉత్తరమైతే ఆర్డరు చీటీలతో పాటు గోడ మేకుకి గుచ్చుకోవచ్చు. మేకుకి గుచ్చిన కాగితం మీద ఏముంటే అది నేనూ నూకయ్యా తు.చ. తప్పకుండా చేస్తాం. నలభై ఏళ్ళ అలవాటు.

అసలు సంగతి, దుకాణం మూసేద్దామనుకుంటున్నాను.

మన వ్యాపారం నీకు తెలియనిది కాదు. రైలు గార్డులూ డ్రైవర్లూ డ్యూటీకి తీసుకెళ్ళే రేకు పెట్టెలు, జెండాలూ దీపమూ రూళ్ళ పుస్తకమూ అన్నం గిన్నే అన్నీ పట్టేవి, మా నాన్న కాలం నుంచి మనమే చేస్తున్నాం. నేను రేకు కోసి పెట్టె కడతాను. నూకయ్య మూత మీద పేరు, హోదా, హెడ్‌క్వార్టరు రాస్తాడు. ఆ మూడు వరుసలూ పడితేనే పెట్టె పూర్తయినట్టు. ఆ మధ్య రైల్వే వాళ్ళు గార్డుల్ని ట్రైన్ మేనేజర్లు అని పిలవమన్నప్పుడు పాత పెట్టెలన్నీ మళ్ళీ రాయాలి కదా అని నూకయ్య సంబరపడిపోయాడు. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఇప్పుడందరి చేతుల్లోనూ చక్రాల బ్యాగులు. వాటి మీద పేరు రాయడానికి చోటే లేదు.

మూడు నెలల్లో నాలుగు పెట్టెలు అమ్ముడుపోయాయి. ఒకటి బెంగాలీ వాళ్ళ పెళ్ళికి, ఒకటి బియ్యం పోసుకోవడానికి. మిగతా రెండూ సుభాష్‌పల్లి నుంచి మీ అమ్మ వచ్చి జాలిపడి కొన్నవి. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు పనిముట్లకి బొట్టు పెట్టేసి ఆ సాయంత్రం తలుపులు వేసేద్దామని అనుకుంటున్నాను.

నాకు నా బెంగ లేదు. బెంగంతా నూకయ్య గురించే. పలాసలో కూతురు సింహాచలమ్మ దగ్గరికి వెళ్ళిపోతానంటున్నాడు. నలభై ఏళ్ళుగా పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగాం. వాడు వెళ్ళిపోతే ఆ టీ నా గొంతు దిగదమ్మా. ఈ మాట వాడితో అనలేక నీకు రాస్తున్నాను.

నువ్వు హైదరాబాదులో ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మించే ఆఫీసులోనే కదా ఉన్నావు. మా పెట్టెలకి ఏమైనా దారి ఉందేమో చూడు.

ఆశీస్సులతో,
మీ మావయ్య తాతారావు

తా.క.: మీ అత్త ఆన్‌లైన్‌లో నాకు చెప్పులు తెప్పించింది. రెండూ ఎడమ కాలివే వచ్చాయి. అలాంటి వ్యాపారమైతే మనకొద్దు.


హైదరాబాద్
జూన్ 29

మావయ్యకూ అత్తయ్యకూ నమస్కారాలు, మోకాలికి పరామర్శలు.

మూసేయడమేమిటి మావయ్యా! నేను రోజంతా ఎవరెవరివో సబ్బులూ నైటీలూ అమ్మిపెడుతున్నాను. నా చిన్నప్పుడు నేను దాక్కున్న పెట్టెలు అమ్మిపెట్టలేనా?

నిన్ననే 'గార్డు పెట్టె' అని ఒక పేజీ తెరిచాను. ఇక్కడ ఫ్లాట్లలో వాళ్ళకి పాత రైల్వే వస్తువులంటే పిచ్చి. సోఫా ముందు పెట్టుకుని దాని మీద కాఫీ కప్పులు పెట్టుకుంటారు. నల్లరంగు ఒక్కటే కాకుండా పిస్తా, వంగపండు, పసుపు రంగుల్లో ఒక్కో పెట్టె చేయించండి. పక్క జిరాక్స్ షాపు ప్రియదర్శినితో మాట్లాడాను. ఫొటోలూ వీడియోలూ తను తీస్తుంది. పేజీలో జనం అడిగేవాటికి మీరు చెప్పిన జవాబు తనే టైపు చేస్తుంది. ఆర్డర్లు వస్తే రోజూ పొద్దున్నే చీటీలు ప్రింటు తీసి మీకిస్తుంది. చీటీలో పేరు, ఊరు, కింద వాళ్ళు చెప్పదలుచుకున్నది ఏదైనా ఉంటే అదీ ఉంటుంది.

ఒక్క మాట మాత్రం మేకుకి గుచ్చుకోండి. ఆన్‌లైన్‌లో మనిషి మనిషిని చూడడు. అందుకే ప్రతి కస్టమరుకీ 'ఈ పెట్టె అచ్చంగా నా కోసమే చేశారు' అనిపించాలి. అలా అనిపిస్తే వాళ్ళే ఫొటో తీసి పదిమందికి చూపిస్తారు. మన తరఫున వాళ్ళే చాటింపు వేస్తారు.

మొదటి ఆర్డర్లు మా ఆఫీసు వాళ్ళవీ వాళ్ళ స్నేహితులవీ ఉంటాయి. మా మేనేజరు చక్రధర్ గారు కూడా ఒకటి కొంటానన్నారు. ఆయన పెట్టె మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. ఈ ఏడు నా ప్రమోషను ఆయన చేతిలోనే ఉంది.

ఉంటాను మావయ్యా. తలుపుల సంగతి మరిచిపోండి.

మీ మేనకోడలు,
కుసుమ

తా.క.: ఫొటోలు సరిచేసేది మా డిజైనరు గోపి. పెట్టె పక్కన మావయ్యగారు నవ్వుతూ నిలబడితే అమ్మకాలు రెట్టింపవుతాయన్నాడు. నేను పుట్టాక మీరు నవ్వడం రెండేసార్లు చూశానని అతనికి చెప్పలేదు.


గోల్‌బజార్, ఖరగ్‌పూర్
జూలై 24

చి. కుసుమకు ఆశీస్సులు, అభినందనలు కూడా.

తొమ్మిది ఆర్డర్లు! మా నాన్న ఉంటే నమ్మేవాడు కాదు. నిన్ననే తొమ్మిది పెట్టెలూ గడ్డి పెట్టి గోనెలు కుట్టి పార్సిల్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

వీడియో సంగతి చెప్పాలి. ప్రియదర్శిని ఫోను పైకెత్తి "మాట్లాడండి అంకుల్" అంది. నేను నిటారుగా నిలబడ్డాను. ఏం మాట్లాడాలో చెబుతుందేమోనని చూశాను. తను నేను మాట్లాడతానేమోనని చూసింది. రెండు నిమిషాలు అలాగే గడిచాయి. ఇంతలో టీ కొట్టు దాదా గ్లాసులు తీసుకోవడానికి వచ్చి, పెట్టె ఎక్కి కూర్చుని, వాళ్ళ నాన్న ఇలాంటి పెట్టెతోనే ముప్పై ఏళ్ళు డ్యూటీ చేశాడని బెంగాలీలో చెప్పుకుపోయాడు. చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు. దానికి మూడు వందల పన్నెండు మంది హృదయాలు ఇచ్చారట. వాళ్ళ చిరునామాలు కావాలి, తలా ఒక కార్డు ముక్క రాసి కృతజ్ఞతలు చెప్పొద్దూ? ప్రియదర్శిని నవ్వి ఊరుకుంది. ఈ కాలం పిల్లలకి మర్యాదలు తెలియవు.

కొందరు ధర ఎంత అని అడుగుతున్నారు. మనిషిని చూడకుండా ధర ఎలా చెప్పడం? "ముందు దుకాణానికి రండి, టీ తాగండి, మాట్లాడుకుందాం" అని రాయించాను. ఒకాయన దుబాయి నుంచట. వస్తాడో లేదో.

నీ మాట మేకుకి గుచ్చాను. 'అచ్చంగా నా కోసమే' అని రాశావు చూడు, అది నూకయ్యకి బాగా నచ్చింది. నాలుగు రోజులు తలెత్తకుండా కూర్చున్నాడు. తెలుగువాళ్ళ పెట్టెలు కదా, తెలుగులోనే రాస్తానన్నాడు. ప్రియదర్శిని చదివి చెబితే వాడు రాశాడు. నలభై ఏళ్ళలో వాడు తెలుగులో రాసినవి రెండే. ఒకటి మన దుకాణం బోర్డు, రెండోది ట్రాఫిక్ కాలనీలో అమ్మవారి గుడి మెట్ల మీద 'చెప్పులు ఇక్కడ విడవరాదు'. ఇప్పుడు వాడి అక్షరాలు చూస్తే ముచ్చటేసింది. 'ళ' రాసిన ప్రతిసారీ వెనక్కి జరిగి కాసేపు చూసుకున్నాడు.

మీ చక్రధర్ గారిది అందరికంటే పెద్దగా వచ్చింది. మూత నిండిపోయింది. పెద్ద ఆఫీసరని తెలుస్తూనే ఉంది.

ఆశీస్సులతో, ఆనందంతో,
తాతారావు

తా.క.: గార్డులకైతే పేరు, హోదా, హెడ్‌క్వార్టరు, అంతే. మీ ఊళ్ళో హోదాలు చాలా పొడుగమ్మా. సికింద్రాబాదు ఎమిలీ గారి హోదా 'ఫోన్ చేసి రండి, కుక్క ఉంది'. "ఏట్రా ఇది, ఉద్యోగమేనా?" అని నూకయ్యని అడిగాను. "ఐదరాబాదు బావూ. అక్కడ రకరకాల ఉజ్జోగాలుంటాయి" అన్నాడు. ప్రమాదం ఉందన్నారు కాబట్టి అది ఎర్రరంగుతో రాశాడు.


హైదరాబాద్
జూలై 31

మావయ్యా!

నమస్కారం తర్వాత పెడతాను. ముందు నూకయ్య బాబాయిని బ్రష్షు కింద పెట్టమనండి!

పెట్టెల మీద రాస్తారని నేనెక్కడ అనుకున్నాను? పేజీలో ఫొటోల్లో ఉన్నవన్నీ ఏ రాతా లేని పెట్టెలే కదా! అవి ఆర్డరు రాకముందు తీసినవి కాబట్టి ఖాళీగా ఉన్నాయని ఇప్పుడు తెలిసింది. మావయ్యా, చీటీ కింద ఉన్నవి హోదాలు కావు. పార్సిల్ తెచ్చే కుర్రాడికి కస్టమర్లు చెప్పుకున్న మాటలు. 'ఇంకేమైనా చెప్పాలా?' అని నేనే అడిగాను. నా నోరు పడిపోను, ఎందుకడిగానో.

మీ ఉత్తరం అందగానే తొమ్మిది చీటీలూ ముందేసుకుని కూర్చున్నాను. కృపారావు గారు 'లిఫ్టు పనిచేయదు, నాలుగో అంతస్తు, ఓపిక చేసుకోండి' అన్నారు. అది రాశారా? పూజ అనే అమ్మాయి 'నేను లేకపోతే ఎదురింటి వాళ్ళకి ఇవ్వండి, పక్కింటి వాళ్ళకి మాత్రం వద్దు' అంది. అదీ రాశారా? ఆమె ఇంట్లో లేకపోతే ఆ పెట్టె ఎక్కడ దించుతారు మావయ్యా, ఇద్దరి గుమ్మాలకీ మధ్యనే కదా!

ఇక చక్రధర్ గారు. ఆయన చీటీ మూడుసార్లు చదివాను. 'ఇది మా ఆవిడ రాధికకి. పెళ్ళిరోజు దగ్గర పడుతోందన్న సంగతే మరిచిపోయి ఇవాళే గుర్తొచ్చింది. అయిదో తారీఖులోగా ఎలాగైనా పంపండి. ఆవిడకి తెలియకూడదు.' మూత నిండా రాశారా మావయ్యా? తెల్లరంగుతోనా?

పెట్టె ఎల్లుండి వాళ్ళింటికి చేరుతుందట. ఆ టైముకి ఆయన ఆఫీసులో ఉంటారు. ఆవిడ ఇంట్లో ఉంటుంది. ప్రమోషను సంగతి దేవుడెరుగు, నా ఉద్యోగం ఉంటే చాలు.

ఇకముందు ఒక్క పెట్టె మీద కూడా ఒక్క అక్షరం వద్దు. ఖాళీగా పంపండి.

కంగారులో ఉన్న మీ కుసుమ

తా.క.: ఇప్పుడు నమస్కారాలు.


గోల్‌బజార్, ఖరగ్‌పూర్
ఆగస్టు 7

చి. కుసుమకు,

తప్పంతా నాదే. ఆ మాట ముందు రాసి తర్వాత మిగతావి రాస్తాను.

నీ ఉత్తరం నూకయ్యకి చదివి వినిపించాను. "పాప ఉజ్జోగం పోతాదా బావూ?" అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను. వాడు బ్రష్షులన్నీ కడిగి గుడ్డలో చుట్టి, నాలుగింటి టీ తాగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు దుకాణం తెరిచేసరికి గుడ్డమూట బల్ల మీద ఉంది. మనిషి పలాస బండెక్కేశాడని టీ కొట్టు దాదా చెప్పాడు. "తాతారావు దా, ఝగడా హుయా క్యా?" అని అడిగాడు. గొడవేమీ పడలేదన్నాను.

విశ్వకర్మ పూజ దాకా ఉంటాడనుకున్నాను. నెలన్నర ముందే పోయాడు.

నువ్వు చెప్పినట్టే, తర్వాత ఆర్డరొచ్చిన రెండో విడత ఇరవైరెండు పెట్టెలూ అక్షరం లేకుండా పంపేశాను. పంపేటప్పుడు చూడలేకపోయాను. పేరు లేని పెట్టె ప్లాట్‌ఫారం మీద ఎవరూ తీసుకెళ్ళని సామానులా ఉంటుంది.

ఆ తొమ్మిది మందికీ కార్డులు రాసి క్షమాపణ చెప్పుకున్నాను. ఎమిలీ గారికి, మీ కుక్క సంగతి అందరికీ తెలిసేలా చేసినందుకు మన్నించమనీ, కుక్కకి కూడా నా మాటగా చెప్పమనీ రాశాను. కృపారావు గారికి, లిఫ్టు త్వరలో బాగవ్వాలని దేవుణ్ణి కోరుకుంటున్నానని రాశాను. పూజకి, నాకు మీ పక్కింటివాళ్ళ మీద ఏ కోపమూ లేదని రాశాను. చక్రధర్ గారికి ఏం రాయాలో తెలియలేదు. నేనూ మా ఆవిడ పుట్టినరోజు రెండుసార్లు మరిచిపోయాను, ప్రాణంతోనే ఉన్నాను, ధైర్యంగా ఉండండి అని రాశాను.

ఉంటాను.

తాతారావు

తా.క.: అలవాటు కొద్దీ నాలుగింటికి రెండు టీలు చెప్పాను. రెండూ నేనే తాగాల్సి వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు, అది టీ వల్లే అంది మీ అత్త.


హైదరాబాద్
ఆగస్టు 8

మావయ్యా, సాష్టాంగ నమస్కారం!

నా కిందటి ఉత్తరం మేకు మీద ఉంటే తీసి చింపేయండి. ఏం జరిగిందో చెబుతాను, కూర్చుని చదవండి.

రెండో తారీఖు మధ్యాహ్నం చక్రధర్ గారి ఇంటికి పెట్టె వెళ్ళింది. మూడో తారీఖు పొద్దున ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "కుసుమా, మా ఆవిడ మూత మీద చదివింది" అన్నారు. "సారీ సార్" అన్నాను. "పదిహేనేళ్ళలో నేను నిజం చెప్పడం ఇదే మొదటిసారి అంది" అన్నారు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారట. రాధిక గారు ఆ పెట్టెని హాలు మధ్యలో పెట్టి ఫొటో తీసి పేజీలో పెట్టారు. ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాడూ ముందు పెట్టె చదివి తర్వాత ఆయన ముఖం చూస్తున్నాడట. ఆయనకి అదొక్కటే ఇబ్బంది.

ఆ ఫొటో ఎన్ని లక్షల మంది చూశారో రాస్తే మీరు సున్నాలు ఎక్కువ పడ్డాయనుకుంటారు. ఎమిలీ గారు పెట్టెని గేటు దగ్గరే ఉంచేశారు. ఇప్పుడు ఎవరొచ్చినా ఫోన్ చేసే లోపలికి వస్తున్నారట, కుక్క దాని మీదే పడుకుంటోంది. కృపారావు గారు తన పెట్టెని లిఫ్టు ముందు పెడితే అపార్టుమెంటు సంఘం వాళ్ళు సిగ్గుపడి వారం తిరక్కుండా లిఫ్టు బాగుచేయించారు. పూజ పక్కింటివాళ్ళు పెట్టె చూసి గొడవకి రాలేదు. తమకీ ఒకటి ఆర్డరు పెట్టారు. చీటీలో 'ఎదురింటి వాళ్ళకి ఇవ్వండి, పక్కింటి వాళ్ళకి వద్దు' అని రాశారు!

మేం ఆఫీసులో ఏడాదంతా కూర్చుని ప్రకటనలు తయారుచేసినా రాని పేరు నూకయ్య బాబాయి నాలుగు రోజుల్లో తెచ్చాడు. జనానికి పెట్టె కాదు, ఆ రాతలు కావాలి. వాళ్ళ ఇంటి మాట, వాళ్ళ మూత మీద, ఆయన చేత్తో.

కాబట్టి ఇకనుంచి అక్షరం లేకుండా ఒక్క పెట్టె కూడా పంపకండి!

గాల్లో తేలుతున్న మీ కుసుమ

తా.క.: రెండో విడత ఇంకా పంపలేదు కదా?


హైదరాబాద్
ఆగస్టు 16

మావయ్యకు,

మీ ఏడో తారీఖు ఉత్తరం అందింది. మన ఉత్తరాలు దారిలో ఎక్కడో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్ళిపోయాయి.

ఖాళీ పెట్టెలు ఇరవైరెండూ చేరాయి. ఇరవైరెండు మందీ నన్ను తిడుతున్నారు. 'అందరి పెట్టె మీదా రాశారు, నా పెట్టె మీద రాయలేదు, నేనేం పాపం చేశాను?' అని ఒకావిడ. పేజీకి మొదటిసారి ఒంటి స్టారు రేటింగు వచ్చింది. మీ క్షమాపణ కార్డుని ఎమిలీ గారు ఫ్రేము కట్టించుకున్నారు. అది చూసి ఇప్పుడు కొందరు పెట్టె లేకపోయినా ఫరవాలేదు, క్షమాపణ ఒకటి పంపండి అంటున్నారు.

నూట నలభై ఆర్డర్లు ఉన్నాయి మావయ్యా. చీటీలన్నీ ప్రియదర్శిని మీకిస్తుంది. రాసే మనిషి లేడు. ఆయన నా ఉత్తరం వల్లే వెళ్ళిపోయాడంటే నాకు ఏడుపొస్తోంది. మీరు వెళ్ళి తీసుకురండి. నా ఉద్యోగం పోలేదని, ప్రమోషను కూడా వచ్చిందని చెప్పండి.

నాకూ ఒక పెట్టె కావాలి. వంగపండు రంగుది. నా పేరు రాయమనండి. విశ్వకర్మ పూజ వెళ్ళాక వచ్చినప్పుడు తీసుకుంటాను, అంతవరకూ సుభాష్‌పల్లిలో అమ్మ దగ్గర దింపించండి.

మీ కుసుమ

తా.క.: మీకొక్కరికే చెబుతున్నాను. గోపీ నేనూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం. వచ్చినప్పుడు మెల్లగా నేనే చెబుతాను. అంతవరకూ అమ్మకి చెప్పొద్దు.


గోల్‌బజార్, ఖరగ్‌పూర్
సెప్టెంబరు 18

చి. కుసుమకు ఆశీస్సులు.

ఆలస్యానికి ఏమీ అనుకోకు, ఈ నెల రోజులూ కలం పట్టుకునే తీరిక లేదు. ఎందుకు లేదో వింటే నువ్వే సంతోషిస్తావు.

నీ ఉత్తరం అందిన మర్నాడే బండెక్కాను. పొద్దున్నే పలాసలో దిగి సింహాచలమ్మ ఇల్లు పట్టుకున్నాను. అల్లుడిది జీడిపప్పు వ్యాపారం. నూకయ్య వాకిట్లో కూర్చుని జీడిపప్పు డబ్బాల మీద అంకెలు రాస్తున్నాడు. అంకెలు! ఆ చేత్తో! నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "పాప ఉజ్జోగం?" అన్నాడు. ఉందన్నాను, పెద్దదైందన్నాను. అప్పుడు కూలబడ్డాడు.

చీటీల కట్ట వాడి ఒళ్ళో పెట్టి, నీ ఉత్తరాలు రెండూ చదివి వినిపించాను. కుక్క ఉద్యోగం కాదని మనకి తెలియక చేసిన తప్పు మంచికే వచ్చిందిరా అన్నాను. వాడు తల వంచుకున్నాడు. చీటీలు తిరగేస్తూ అన్నాడు.

"కుక్క ఉందన్నది ఉజ్జోగం కాదని నాకు తెల్దేటి బావూ? నానేటి సిన్నపిల్లోడినా?"

చేతిలోని ఉత్తరాలు మడిచి పక్కన పెట్టాను.

"నలబై ఏళ్ళు గార్డు, గార్డు, గార్డు అని రాసినాను. అదీ ఇంగిలీసులో. మనుసులు ఒకలికొకలు సెప్పుకునే మాట, మన తెలుగులో, ఒక్కపాలి రాద్దారనిపించినాది. దుకానం ఎలాగూ మూసేత్తన్నారు గదా, ఎవుడేటంటాడులే అనుకున్నాను. పాప ఉజ్జోగానికి ముప్పొచ్చినాదని మీరు సదివితే నాకు ముద్ద దిగనేదు. మీకు మొకం సూపించనేక ఎలిపొచ్చీసినాను."

"మరి నాతో ఎందుకు చెప్పలేదురా?"

"సెప్తే మీరు రాయనిత్తారేటి?"

రాయనివ్వను. నిజమే. కోపం రావాలి, రాలేదు. వాడి పక్కన అరుగు మీద కూర్చున్నాను, నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. వాడూ మొదలుపెట్టాడు. సింహాచలమ్మ భయపడి మంచినీళ్ళు తెచ్చింది. ఆ సాయంత్రం బండికే ఇద్దరం వచ్చేశాం.

అప్పటినుంచి పనే పని. ఆ ఇరవైరెండు మందికీ రాతలున్న మూతలు వేరే చేసి పంపాం. నిన్న విశ్వకర్మ పూజ బాగా జరిగింది. కత్తెరకీ సుత్తికీ బొట్టు పెట్టాను. ఈసారి బ్రష్షులకి కూడా పెట్టాను, ఇన్నేళ్ళూ ఎందుకు పెట్టలేదో నాకే తెలియదు. సాయంత్రం తలుపులు వేశాను, ఇవాళ పొద్దున మళ్ళీ తీశాను. నాలుగింటికి రెండు టీలు వచ్చాయి. నాది నేను తాగాను, వాడిది వాడు తాగాడు. ఇంతకంటే నాకేం కావాలమ్మా.

ప్రియదర్శిని నా ఫొటో తీసి నీకు పంపిందట. అందులో నేను నవ్వుతున్నాను. నీ లెక్కకి ఇది మూడోది. గోపికి చూపించు.

నిండు మనసుతో,
తాతారావు, నూకయ్య

తా.క.: నీ వంగపండు రంగు పెట్టె మొన్న సుభాష్‌పల్లి చేరింది. నీ ఉత్తరం చీటీలతో పాటు మేకుకే ఉంది కదా, నూకయ్య దాన్ని చూసే రాశాడు. పేరు ఉంది, ఊరు ఉంది, కింద చెప్పదలుచుకున్నది ఉంది. నేను చూసేసరికి పెట్టె రిక్షా ఎక్కిపోయింది. 'కుసుమ. హైదరాబాద్. గోపీ నేనూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం. అమ్మకి చెప్పొద్దు.' ఎర్రరంగుతో. మీ అమ్మ రెండుసార్లు చదివి, నాకు కబురు పెట్టి, మూడోసారి నాచేత చదివించుకుంది. ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అబ్బాయి ఏం తింటాడో కనుక్కో అన్నయ్యా" అంది. దసరాకి ఇద్దరూ రండి. ఇలా ఎందుకు చేశావురా అని నూకయ్యని గట్టిగానే అడిగాను. "పాప ఉజ్జోగమేమో అనుకున్నాను బావూ" అంటున్నాడు.